ట్యాలీ నుంచి ఈఆర్‌పీకి మారడం ఎలా? గో-లైవ్ నాటికి కలవాల్సిన మూడు లెక్కలు

జీడిమెట్లలోనో చర్లపల్లిలోనో ఒక ఫ్యాక్టరీ, దానికి రెండు గోడౌన్లు. ఖాతాలు ట్యాలీలో, స్టాకు ఎక్సెల్‌లో, ప్రొడక్షన్ లెక్క సూపర్‌వైజర్ డైరీలో. ఇవన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేరే ఈఆర్‌పీ. ఇలాంటి కంపెనీల వాళ్లు మొదట అడిగేది ఎప్పుడూ ఒకటే: “ఏ ఈఆర్‌పీ మంచిది?” ఎస్ఏపీ బిజినెస్ వన్, ఓడూ, ఈఆర్‌పీనెక్స్ట్... 20, 30 మంది వాడే కంపెనీకి వీటిలో ఏదైనా సరిపోతుంది. ఆరు నెలలు పోయాక రెండో ప్రశ్న వస్తుంది: “డబ్బు కట్టాం, సాఫ్ట్‌వేర్ నడుస్తోంది, కానీ స్టాకు తప్పు చూపిస్తోంది, మావాళ్లు మళ్లీ ఎక్సెల్ తెరిచారు. ఇప్పుడేం చేయాలి?” ఆ రెండో ప్రశ్న రాకుండా చూసుకోవడానికే ఇది.

గో-లైవ్ నాడు, అంటే కొత్త సిస్టమ్‌లో అసలు పని మొదలయ్యే రోజు, మూడు లెక్కలు కలవాలి. గోడౌన్‌లో చేత్తో లెక్కపెట్టిన స్టాకు, పార్టీల వారీగా రావాల్సిన-ఇవ్వాల్సిన బాకీలు, ట్రయల్ బ్యాలెన్స్ (అన్ని ఖాతాల నిల్వల పట్టిక). కింద చెప్పే పనులన్నీ ఈ మూడింటి కోసమే.

ముందు ఇవి సమకూర్చుకోండి

- నిర్ణయం తీసుకునే అధికారం ఉన్న ఒక మనిషి. రోజులో సగం టైమైనా దీనికే ఇవ్వాలి. ఐటీ అబ్బాయికి అప్పగించి ఊరుకుంటే కుదరదు. “ఈ రేటు ఎవరు మార్చొచ్చు” అన్నది అతను తేల్చలేడు.
- స్టోర్స్, కొనుగోలు, ప్రొడక్షన్, డిస్పాచ్, ఖాతాల నుంచి ఒక్కొక్కరు. ఖాళీగా ఉన్నవాళ్లను కాదు, లేకపోతే పని ఆగిపోయేవాళ్లను ఇవ్వండి.
- గత 12 నెలల కొనుగోలు, అమ్మకాల రిజిస్టర్లు, తాజా ట్రయల్ బ్యాలెన్స్.
- లైవ్ సిస్టమ్‌కి సంబంధం లేని టెస్ట్ సిస్టమ్.
- ఒక ఫ్యాక్టరీకి 5 నుంచి 6 నెలల టైం. రెండు నెలల్లో చేస్తామనే వెండర్ (సాఫ్ట్‌వేర్ అమ్మి పెట్టేవాడు) డేటా శుభ్రం చేసే పనిని మీ నెత్తిన వదిలేశాడని లెక్క.
- ఒప్పందం మొత్తం కాక, అందులో 15–20% పక్కన. గో-లైవ్ అయ్యాక రిపోర్టుల కోసం, చిన్న మార్పుల కోసం తప్పకుండా ఖర్చవుతుంది.
- స్టోర్స్‌కీ గేటుకీ యూపీఎస్, వేర్వేరు కంపెనీల నుంచి రెండు ఇంటర్నెట్ లైన్లు.

1. ఒక ఆర్డర్ వెంట నడవండి

ఫ్లోచార్టులు తర్వాత. ముందు నిన్న డిస్పాచ్ అయిన ఒక ఆర్డర్ తీసుకుని, దాని కాగితాలన్నీ టేబుల్ మీద పరవండి: కస్టమర్ పీఓ (కొనుగోలు ఆర్డర్), ఇండెంటు (సరుకు కావాలని రాసే చీటీ), గేటు ఎంట్రీ, కాటా చీటీ, జీఆర్ఎన్ (సరుకు అందినట్టు రాసే పత్రం), బయట పని చేయించడానికి పంపే జాబ్‌వర్క్ చలాన్, ఇన్వాయిస్, ఈ-వే బిల్లు. ప్రతి కాగితం వెనక ఎవరు రాశారో, ఎవరు సంతకం పెట్టారో, ఆ మనిషి సెలవులో ఉంటే ఎవరు చేస్తారో రాయండి. ఇలా మామూలుగా సాగిన ఆర్డర్ ఒకటి, రిజెక్షన్ వచ్చినది ఒకటి, అర్జెంటని నోటిమాట మీద పంపేసినది ఒకటి చూడండి. మూడోదాన్ని ఎవరూ ఒప్పుకోరు, కానీ అది ప్రతి కంపెనీలోనూ ఉంటుంది.

2. డెమో మీ సరుకుతో చేయించండి

వెండర్ తన లాప్‌టాప్‌లో చూపించే సైకిల్ కంపెనీ డెమో చూసి సంతకం పెట్టకండి. మీ ఐటమ్స్ పది, పార్టీలు ఐదు ముందురోజు పంపి, ఇవి ఎదురుగా చేసి చూపించమనండి:

- 100 పీసులు కొన్నాం, క్యూసీ (నాణ్యత తనిఖీ)లో 8 పోయాయి. బిల్లు 100కి వచ్చింది. డెబిట్ నోటు ఎలా?
- బాలానగర్‌లో ప్లేటింగ్‌కి 500 పంపాం, 480 వచ్చాయి. మిగతా 20 ఎవరి దగ్గరున్నట్టు? జీఎస్టీ ప్రకారం జాబ్‌వర్క్‌కి వెళ్లిన ముడిసరుకు ఏడాదిలో తిరిగి రావాలి. ఏది ఎన్నాళ్లుగా బయటుందో రిపోర్టు వస్తుందా?
- హైదరాబాద్ నుంచి విజయవాడలోని మన గోడౌన్‌కే సరుకు పంపాలి.

చాలామంది కన్సల్టెంట్లు తడబడేది ఈ చివరిదాని దగ్గరే. “ఒకే కంపెనీ కదా, స్టాక్ ట్రాన్స్‌ఫర్ కొడితే చాలు” అంటారు. తెలంగాణ రిజిస్ట్రేషన్ 36తో, ఆంధ్రప్రదేశ్‌ది 37తో మొదలవుతాయి. జీఎస్టీ చట్టం దృష్టిలో రెండూ వేర్వేరు వ్యక్తులు. కాబట్టి ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల పన్ను) వేసిన ట్యాక్స్ ఇన్వాయిస్ కావాలి. అదే కూకట్‌పల్లి గోడౌన్‌కి, ఒకే జీఎస్టీ నంబరు మీద పంపితే చలాన్ చాలు, విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు. రెండూ సిస్టమ్‌లో వేర్వేరుగా నడవాలి.

డెమో ఇచ్చిన సీనియర్ ఆ తర్వాత మీకు కనబడడు. రేపు మీ దగ్గర కూర్చునేది ఎవరో వాళ్లతోనే ఈ మూడూ చేయించండి. అమీర్‌పేటలో కోర్సు చేసి వచ్చిన కొత్త పిల్లలైనా ఫర్వాలేదు, పక్కన ఒక్క అనుభవస్థుడు ఉన్నంతవరకు.

3. డబ్బు కట్టే మైలురాళ్లు మీరే రాయండి

అడ్వాన్సు 20%, డిజైన్ పత్రం మీద సంతకం అయ్యాక 20%, మీవాళ్లు టెస్టింగ్ పూర్తి చేశాక 20%, గో-లైవ్‌కి 20%, రెండు నెలల ఖాతాలు కొత్త సిస్టమ్‌లో మూసిన తర్వాత చివరి 20%. బేరంలో పైవి అటూ ఇటూ జరగొచ్చు, ఆ చివరి ముక్క మాత్రం వదలకండి. ఇంకా రాయించాల్సినవి: మీ ఆఫీసులో కూర్చునే రోజులెన్ని, కన్సల్టెంట్ మధ్యలో మానేస్తే కొత్తవాడితో రెండు వారాలు కలిసి పనిచేయాలని, ఎప్పుడడిగినా మొత్తం డేటా మీరు చదవగలిగే ఫార్మాట్‌లో ఇవ్వాలని.

మీది ప్రైవేట్ లిమిటెడ్ అయితే ఇంకో షరతు. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ నమోదయ్యే ఆడిట్ ట్రెయిల్ ఉండాలి, దాన్ని ఆపే వీలు ఉండకూడదు. “మేం బ్యాకెండ్‌లో సరిచేసేస్తాం సార్” అనే కన్సల్టెంట్ డేటాబేస్‌లో చేయి పెట్టాడంటే ఆడిటర్‌కి సమాధానం చెప్పాల్సింది మీరు.

4. తేడాలు తేల్చండి: అలవాటు మారాలా, సాఫ్ట్‌వేర్ మారాలా

సాఫ్ట్‌వేర్ చేసే తీరుకీ మీ తీరుకీ తేడా ఉన్నచోటల్లా ఒక వరుస రాయండి. పక్కన మూడు గడులు: చట్టం అడుగుతోందా, కస్టమర్ అడుగుతున్నాడా, మనకు అలవాటా. మొదటి రెండిటికే కస్టమైజేషన్. మూడో గడిలో పడినవాటికి మనమే మారాలి.

జర్మనీ సూపర్‌మార్కెట్ సంస్థ లిడిల్ 2018లో తన ఎస్ఏపీ ప్రాజెక్టును వదిలేసింది. అప్పటికి ఏడేళ్లు గడిచాయి, దాదాపు 50 కోట్ల యూరోలు ఖర్చయినట్టు వార్తలొచ్చాయి. వాటిలో ప్రధానంగా చెప్పిన కారణం ఒకటి: ఆ సంస్థకు స్టాకును కొన్న ధరకు లెక్కగట్టే అలవాటు, సాఫ్ట్‌వేర్‌లో అమ్మకం ధరకు లెక్కగట్టే పద్ధతి. అలవాటు మార్చుకోలేదు, సాఫ్ట్‌వేర్‌నే వంచుతూ పోయారు.

5. ఐటమ్ మాస్టర్: అసలు పని ఇక్కడే

ఐటమ్ మాస్టర్ అంటే సిస్టమ్‌లో ఉండే సరుకుల మూల జాబితా. మొత్తం టైంలో మూడో వంతు దీనికే ఇవ్వండి. అనవసరం అనిపిస్తుంది, ఇవ్వండి.

రాణిగంజ్ నుంచి తెచ్చే 6205 బేరింగ్‌నే చూడండి. మీ లిస్టులో అది ‘బేరింగ్ 6205’, ‘బీఆర్‌జీ-6205’, ‘6205 జెడ్‌జెడ్’, ‘6205 మోటార్’ అని నాలుగు పేర్లతో ఉంటుంది. ఎక్సెల్ బాగా వచ్చిన కుర్రాడు సాయంత్రానికల్లా నాలుగూ కలిపి ఒకటి చేసేస్తాడు. వాటిలో ఒకటి 6205 2ఆర్ఎస్ అని అతనికి తెలియదు. కొలతలు రెండింటికీ ఒకటే: లోపల 25, బయట 52, మందం 15 మిల్లీమీటర్లు. కానీ జెడ్‌జెడ్‌కి రెండువైపులా రేకు మూత, 2ఆర్ఎస్‌కి రబ్బరు సీలు. తడి తగిలే పంపులో రేకుమూతది వేస్తే నీళ్లు లోపలికి పోతాయి, నెలకే శబ్దం మొదలవుతుంది. అందుకే డూప్లికేట్లు కలిపే పని స్టోర్‌కీపర్ పక్కన కూర్చుని, అనుమానం వస్తే బిన్ (సరుకు పెట్టే అర) దగ్గరకెళ్లి పెట్టె విప్పి చూసి చేయాలి. ఇద్దరు కూర్చుంటే రోజుకు 150 ఐటమ్స్ దాటవు. మీ దగ్గర 4,000 ఉంటే ఎన్ని రోజులో లెక్కేసుకోండి. రెండేళ్లుగా కదలని ఐటమ్‌ని కొత్త సిస్టమ్‌లోకి తేకండి. స్టాకు మిగిలుంటే ‘కదలనివి’ అని వేరే గ్రూపు పెట్టండి.

రెండో ఉచ్చు యూనిట్. 20 మిల్లీమీటర్ల ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్) రాడ్డు కాటా మీద కిలోల్లో కొంటారు, వర్క్‌షాపుకి 6 మీటర్ల బార్లుగా ఇస్తారు. వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది: 400 బై 162, అంటే 2.47. బారు బరువు 14.8 కిలోలు. పది బార్లు వస్తే కాటా చీటీలో 148. మాస్టర్‌లో యూనిట్ ‘బారు’ అని మాత్రమే పెట్టి మార్పిడి లెక్క పెట్టకపోతే, స్టోర్‌కీపర్ చీటీ చూసి 148 కొడతాడు. పది బార్లున్న చోట సిస్టమ్ 148 చూపిస్తుంది. కొనుగోలు విభాగం ఇంక ఆర్డర్ పెట్టదు, వారం తర్వాత మెషిన్ ఆగుతుంది. స్టాకు యూనిట్‌ కిలోలే పెట్టుకుని, బార్ల లెక్కను రెండో యూనిట్‌గా ఇవ్వడం క్షేమం. ఎందుకంటే రాడ్డు బరువు లెక్క ప్రకారం సరిగ్గా ఉండదు, కాస్త అటూ ఇటూ పోతుంది. ఆ తేడా పరిమితి ఎంతో కూడా ముందే పెట్టండి.

హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (పన్ను కోసం సరుకుకు ఇచ్చే వర్గం నంబరు): టర్నోవర్ 5 కోట్లు దాటితే 6 అంకెలు. పన్ను రేటును ఐటమ్‌కి నేరుగా తగిలించకుండా, అమల్లోకి వచ్చే తేదీతో హెచ్‌ఎస్‌ఎన్‌కి తగిలించండి. 2025 సెప్టెంబర్ 22న చాలా సరుకులు 12% నుంచి 5%కి, 28% నుంచి 18%కి మారినప్పుడు ఐటమ్‌లో రేటు పెట్టుకున్నవాళ్లు రాత్రంతా కూర్చున్నారు. పైగా పాత అమ్మకానికి క్రెడిట్ నోటు ఇవ్వాలంటే పాత రేటే కావాలి.

6. పార్టీ మాస్టర్

రాష్ట్రం విడిపోయి ఏళ్లు గడిచినా పాత మాస్టర్లలో సికింద్రాబాద్ పార్టీకి ‘ఏపీ’ అనే ఉంటుంది. అది యథాతథంగా ఎక్కిస్తే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడాల్సిన బిల్లుకు ఐజీఎస్టీ పడుతుంది. సులువైన తనిఖీ: పిన్‌కోడ్ 50తో మొదలైతే జీఎస్టీ నంబరు 36తో మొదలవ్వాలి. పోలవరం ముంపు మండలాల్లాంటి కొద్ది మినహాయింపులు తప్ప, ఇలా కలవని వరుస ప్రతిదీ విప్పి చూడండి. నంబరు 15 అక్షరాలు. మొదటి రెండు రాష్ట్రం, తర్వాతి పది పాన్. ఆ పది అక్షరాల మీద సార్ట్ చేస్తే ఒకే పార్టీ రెండు పేర్లతో ఉన్నవన్నీ బయటపడతాయి.

7. ఎక్సెల్ చేసే మోసాలు

డేటా ఎక్కించే ఫైల్‌లో అన్ని కాలమ్‌లూ టెక్స్ట్‌గా మార్చాకే అతికించండి. లేకపోతే 0910 అనే కోడ్ 910 అవుతుంది; 16 అంకెల బ్యాంకు ఖాతాలో చివరి అంకె సున్నా అవుతుంది; 03/04 అనే తేదీ ఏప్రిల్ 3 కాకుండా మార్చి 4 అవుతుంది. తేదీ తప్పు మహా మోసకారి: 12 దాటిన తేదీలు సరిగ్గా ఎర్రర్ ఇస్తాయి, 12 లోపువి చప్పుడు లేకుండా తప్పుగా ఎక్కుతాయి.

8. గో-లైవ్ తేదీ

అందరూ ఏప్రిల్ 1 అంటారు. ఓపెనింగ్ బ్యాలెన్సులు శుభ్రంగా ఉంటాయన్నది నిజమే. కానీ అకౌంట్స్ వాళ్లు అప్పుడే ఏడాది ముగింపులో మునిగి ఉంటారు, ఆడిట్ అయ్యేదాకా ఆ బ్యాలెన్సులు ఖాయం కూడా కావు. జూన్, నవంబర్ (దీపావళి అప్పటికి దాటితేనే), ఫిబ్రవరి 1వ తేదీలు నయం. ఏడాది మధ్యలో మారితే ఏప్రిల్ నుంచి అప్పటిదాకా ఉన్న ఖర్చు, ఆదాయ మొత్తాలు కూడా ట్రయల్ బ్యాలెన్స్‌తోపాటు ఎక్కించండి, లాభనష్టాల లెక్క పూర్తి ఏడాదికి వస్తుంది.

సీజన్ ముందు వద్దు. 1999లో అమెరికా చాక్లెట్ కంపెనీ హెర్షీ జూలైలో కొత్త సిస్టమ్‌కి మారింది. సరిగ్గా హాలోవీన్ ఆర్డర్లు వచ్చే టైం. గోడౌన్‌లో చాక్లెట్లు ఉండి కూడా దాదాపు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు పంపలేకపోయింది. మన దగ్గర దసరా, దీపావళి అలాంటివే. ఆషాఢంలో బోనాల ఆదివారాలూ వదిలేయండి, స్టాకు లెక్కకు మనుషులు దొరకరు.

9. టెస్టింగ్

40 నుంచి 60 సందర్భాలు మీవాళ్లే రాయాలి, వెండర్ కాదు. 1వ స్టెప్పులో దొరికిన రిజెక్షన్లు, నోటిమాట ఆర్డర్లు అన్నీ ఇందులో ఉండాలి. ఆపైన అసలు పరీక్ష: రిటర్నులు వేసేసిన ఒక పాత నెల నుంచి వారం రోజుల వోచర్లన్నీ టెస్ట్ సిస్టమ్‌లో కొట్టి, వచ్చిన పన్ను మొత్తాన్ని అదే వారం ట్యాలీ లెక్కతో పోల్చండి. రూపాయి తేడా వస్తే రౌండింగ్, వేలల్లో వస్తే మాస్టర్ తప్పు.

జాగ్రత్త: టర్నోవర్ 5 కోట్లు దాటినవాళ్లకు ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి. టెస్ట్ సిస్టమ్‌ని పొరపాటున అసలు పోర్టల్‌కి కలిపితే, మీరు ఆడుకుంటూ కొట్టిన బిల్లుకు నిజమైన ఐఆర్ఎన్ (ఈ-ఇన్వాయిస్‌కి పోర్టల్ ఇచ్చే నంబరు) పుడుతుంది. 24 గంటల్లోపు అయితే పోర్టల్‌లో రద్దవుతుంది, దాటితే క్రెడిట్ నోటే గతి. టెస్టింగ్ మొదలుపెట్టే ముందు శాండ్‌బాక్స్ (పోర్టల్‌కి ఉన్న పరీక్షల నకలు) ఐడీ ఉందో లేదో కళ్లారా చూడండి.

“మూడు నెలలు రెండు సిస్టమ్‌లూ నడుపుదాం” అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. రెండో వారానికి స్టోర్స్‌లో ఒక్కటే నడుస్తుంది, అది పాతదే అయ్యుంటుంది. పైన చెప్పిన పాత వారం పరీక్ష రెండుసార్లు చేస్తే అంతకన్నా ఎక్కువ నమ్మకం వస్తుంది. భయం తీరకపోతే ఖాతాల వరకు ఒక్క నెల సమాంతరంగా నడపండి, స్టాకుకు వద్దు.

10. శిక్షణ

గో-లైవ్‌కి పది రోజుల ముందు, వాళ్లు కూర్చునే చోటే, వాళ్ల భాషలో. స్టోర్స్‌లో తెలుగు, గేటు దగ్గర హిందీ అవసరం పడొచ్చు. కాన్ఫరెన్స్ హాల్లో అందరినీ కూర్చోబెట్టి చూపించే స్లైడ్‌లు టీ టైంకే మరిచిపోతారు. శిక్షణ అందిందా లేదా అన్నదానికి ఒకటే పరీక్ష: సగం సరుకు మాత్రమే వచ్చిన పీఓకి జీఆర్ఎన్ చేయమని చెప్పి, మీరు పక్కకు వెళ్లిపోండి.

11. కటోవర్ (పాతది మూసి కొత్తదానికి మారడం): శుక్రవారం నుంచి సోమవారం

1వ తేదీ సోమవారం పడే నెల దొరికితే మంచిది. లేకపోతే ఒక పనిరోజు డిస్పాచ్ ఆపక తప్పదు, కస్టమర్లకు రెండు వారాల ముందే చెప్పండి.

- శుక్రవారం సాయంత్రం 6: గేటు మూత. లోపలున్న ప్రతి సరుకుకూ జీఆర్ఎన్, బయటికెళ్లిన ప్రతిదానికీ ఇన్వాయిస్ పాత సిస్టమ్‌లో పూర్తి కావాలి.
- శనివారం: స్టాకు లెక్క. ఇద్దరిద్దరుగా, ఒకరు లెక్కపెట్టాలి, ఒకరు రాయాలి. వాళ్ల చేతిలోని షీటులో పాత సిస్టమ్ అంకె ఉండకూడదు. ఉంటే లెక్కపెట్టకుండా అదే రాసేస్తారు. లెక్కయిన ప్రతి బిన్‌కీ ట్యాగ్. విలువైన ఐటమ్స్ వేరే జట్టుతో మళ్లీ లెక్క.
- మరిచిపోయేవి: మెషిన్ల పక్కనున్న సగం పనైన సరుకు, జాబ్‌వర్కర్ల దగ్గరున్నది, దారిలో లారీలో ఉన్నది, కస్టమర్ తిప్పి పంపి మూలన పడేసినది.
- ఆదివారం ఉదయం: తేడాలు పాత పుస్తకంలోనే సర్దండి, తర్వాతే కొత్తదాంట్లోకి ఎక్కించండి. మధ్యాహ్నం బాకీలు, ట్రయల్ బ్యాలెన్స్.
- ఆదివారం సాయంత్రం 5: మూడు లెక్కలు చూసి వెళ్లాలా, ఆగాలా అన్న నిర్ణయం.

బాకీలు బిల్లుల వారీగా ఎక్కాలి. పార్టీకి ఒక మొత్తం చొప్పున ఎక్కిస్తే పని గంటలో అయిపోతుంది, కానీ ఏ బిల్లు ఎన్ని రోజులైందో ఇంక తెలియదు. అడ్వాన్సులు, పాస్ కాని చెక్కులు విడిగా.

చూడాల్సింది ఇది. స్టాకు పరిమాణాన్ని రేటుతో గుణించిన మొత్తం, స్టాకు ఖాతా నిల్వ ఒకటేనా? పార్టీల బాకీల కూడిక, కంట్రోల్ ఖాతా (ఆ బాకీలన్నిటి మొత్తం చూపే ఖాతా) ఒకటేనా? ట్రయల్ బ్యాలెన్స్ పాతదానితో ఖాతా ఖాతాకీ కలిసిందా, లేక తేడా అంతా ‘సస్పెన్స్’లో (లెక్క తేలని మొత్తాలు వేసే ఖాతా) దాక్కుందా? సస్పెన్స్‌లో ఏమున్నా ఆగండి. ఒక నెల వాయిదా పడితే పరువేం పోదు.

12. మొదటి నెల

ఇన్వాయిస్ సిరీస్ మార్చండి. నంబరు 16 అక్షరాలు దాటకూడదు, అదే ఏడాదిలో ట్యాలీ వాడేసిన నంబరు మళ్లీ వస్తే ఈ-ఇన్వాయిస్ పోర్టల్ తిప్పికొడుతుంది. టర్నోవర్ 10 కోట్లు, ఆపైన ఉంటే బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లో పోర్టల్‌కి ఎక్కాలి, కాబట్టి ఫెయిలైన బిల్లుల జాబితా రోజూ చూడాలి.

సిస్టమ్‌లో లేని సరుకును కూడా ఇచ్చినట్టు రాయనిచ్చే నెగెటివ్ స్టాకు ఆప్షన్ ఆపి ఉంచండి. మూడో రోజు లారీ నిలబడి ఉంటుంది, “ఈ ఒక్కసారికి తెరవండి సార్” అంటారు. తెరిస్తే జీఆర్ఎన్ కొట్టకుండానే ఇష్యూలు (స్టోర్స్ నుంచి సరుకు ఇచ్చే ఎంట్రీలు) మొదలవుతాయి, సగటు రేటు చెడిపోతుంది, రెండు నెలల తర్వాత వస్తువు ధర ఎందుకలా వచ్చిందో ఎవరూ చెప్పలేరు. జీఆర్ఎన్ కొట్టడానికి పట్టేది నాలుగు నిమిషాలు. లారీని ఆపండి.

రోజూ సాయంత్రం 20 ఐటమ్స్ ఎంచుకుని బిన్‌లో లెక్కపెట్టి సిస్టమ్‌తో పోల్చండి. మొదటి వారం నాలుగైదు తప్పులు రావడం మామూలే. మూడో వారంలోనూ అదే సంఖ్య అంటే ఏదో ఒక కాగితం సిస్టమ్ బయట తిరుగుతోంది. ఎక్కువసార్లు అది జాబ్‌వర్క్ చలానో, రాత్రి షిఫ్టు ఇష్యూనో.

తర్వాతి నెల 11న జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 20న 3బీ (పన్ను కట్టే రిటర్ను) కొత్త సిస్టమ్ నుంచే వెళ్లాలి. అప్‌లోడ్‌కి ముందు అమ్మకాల రిజిస్టర్, పోర్టల్‌లోని ఈ-ఇన్వాయిస్‌లు, ఖాతాలోని పన్ను మొత్తం, మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. పాత ట్యాలీ డేటాను చదవడానికి మాత్రమే వీలుండేలా దాచండి. కంపెనీ ఖాతా పుస్తకాలు 8 ఏళ్లు ఉంచాలి.

రెండో నెల మూసిన రోజు స్టోర్స్‌కి వెళ్లి ఎవరి కంప్యూటర్‌లోనైనా ‘స్టాక్ ఫైనల్ కొత్తది’ అనే ఎక్సెల్ ఫైల్ తెరిచి ఉందేమో చూడండి. ఉంటే, అందులో ఉండి సిస్టమ్‌లో లేనిదేమిటో అడిగి తెలుసుకుని, దాన్ని చేసిచ్చాకే వెండర్‌కి చివరి చెక్కు ఇవ్వండి.